ఆటిజం అని ఆలస్యంగా తెలిసింది, ఆ తరువాత చేయి ఆగిపోయింది: మీరు పని మళ్లీ ఎలా మొదలుపెట్టారు?

నీలిసిరా | పుస్తక చిత్రకారిణి

అందరికీ నమస్కారం. పుస్తకాలకు బొమ్మలు వేయడం నా వృత్తి, ఎక్కువగా పిల్లల పుస్తకాలకు. నాకు ఆటిజం ఉందని నలభై దాటాక తెలిసింది. నివేదిక చేతికి వచ్చిన రోజు ఎంతో తేలికపడ్డాను. ఫోను మోగితే గుండె ఎందుకు దడదడలాడుతుందో, నలుగురు కలిసి మాట్లాడే సమావేశం ముగిశాక మాట కూడా రానంతగా ఎందుకు అలసిపోతానో, ఒకే ఆకును పదే పదే గీస్తూ అంత సంతోషంగా ఎలా ఉండగలనో, అన్నింటికీ ఒకే చోట జవాబు దొరికింది.

ఆ తేలికదనం ఎక్కువ కాలం నిలవలేదు. ఇప్పుడు బొమ్మ వేయడానికి కూర్చుంటే చేయి కదలడం లేదు. రంగులు తీస్తాను, నీళ్లు పెట్టుకుంటాను, అక్కడితో ఆగిపోతాను. నా శైలి అని అందరూ మెచ్చుకునే ఆ గుండ్రటి ముఖాలు, ఆ నవ్వులు నిజంగా నావేనా అన్న అనుమానం పట్టుకుంది. ఎదుటివారి ముఖాలు గమనించి, ఏ కవళిక ఎప్పుడు పెట్టాలో చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటూ వచ్చినదాన్ని. బొమ్మల్లోనూ అదే చేశానేమో, చూసేవారికి నచ్చేదే గీశానేమో. ముసుగు తీసేస్తే కింద నాదైన గీత అంటూ ఏదైనా ఉందా?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒప్పుకున్న పని ఒకటి చేతిలో ఉంది. ప్రచురణకర్తకు చెప్పాలా, వద్దా? చెబితే ఏమని చెప్పాలి? ఆలస్యంగా తెలిసినవారు, ఇలాంటి పనుల్లో ఉన్నవారు ఎలా గట్టెక్కారో చెప్పగలరా?

మూడోతీగ | వయొలిన్, నాటక సంగీతం

నీలిసిరా గారూ, నాకు యాభై దాటాక తెలిసింది. చేయి ఆగిపోవడం గురించే ముందు మాట్లాడతాను, ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు కనుక.

2020లో డోరా రేమేకర్ బృందం ఆటిస్టిక్ వయోజనుల మాటల ఆధారంగా ఆటిస్టిక్ బర్నౌట్ గురించి ఒక అధ్యయనం వెలువరించింది. వాళ్లు గుర్తించిన లక్షణాల్లో మూడు ముఖ్యమైనవి: ఎంతకూ తీరని అలసట, అప్పటిదాకా చేతనైన పనులు చేతకాకుండా పోవడం, వెలుతురు, శబ్దం వంటివి భరించలేకపోవడం. ఆ రెండోది చదివినప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. నా వేళ్లు నేర్చిందంతా మరచిపోయాయని, ఇక నా సంగీతం ముగిసిందని అప్పటికే నిశ్చయించుకుని ఉన్నాను.

దీన్ని చాలామంది కుంగుబాటుగానే చూస్తారు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు, కనుక వైద్యులను తప్పక కలవండి. అయితే బయటికి వెళ్లండి, నలుగురితో కలవండి అని కుంగుబాటుకు సాధారణంగా ఇచ్చే సలహా నన్ను ఇంకా కిందికి లాగింది. నన్ను నిలబెట్టింది దానికి పూర్తిగా వ్యతిరేకమైన ఏర్పాటు: తక్కువ మంది మనుషులు, ఒకే గది, ఒకే వెలుతురు, ఒకే తీరున సాగే రోజులు. సంగీతం కూర్చడం మానేశాను. వయొలిన్ శ్రుతి చేసుకుని, ఒకే స్వరం మీద కమానును ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగుతూ కూర్చునేవాడిని. ఎవరికీ వినిపించనక్కర్లేదు, బాగుందా అని ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ స్వరం ఒంటికి హాయిగా ఉండేది. చాలా కాలానికి దాని పక్కన రెండో స్వరం వినాలనిపించింది.

బొమ్మ రాకపోతే రంగు కలపండి. గీత జోలికి వెళ్లకండి. కలిపిన రంగును కాగితం మీద ఆరనిచ్చి పక్కన పెట్టండి. ప్రచురణకర్త సంగతి ఇక్కడ అందరం కలిసి ఆలోచిద్దాం.

పాతకాగితం | అనువాదం, సంపాదకత్వం

మూడోతీగ గారి మాటకు నేనేమీ చేర్చను. మీ అనుమానం విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను: మీ శైలి మీదే.

ముసుగును అంచనా వేయడానికి పరిశోధకులు వాడే క్యాట్-క్యూ అనే ప్రశ్నావళి 2018లో వెలువడింది. అందులో 25 ప్రశ్నలు, మూడు భాగాలు. మాటామంతీలో ఎదురయ్యే ఇబ్బందులను పూడ్చుకునే ఎత్తుగడలు ఒకటి, మన లక్షణాలను దాచుకోవడం రెండు, గుంపులో ఇమిడిపోవాలని తంటాలు పడడం మూడు. ఇవన్నీ మనుషుల మధ్య ఉన్నప్పుడు మనం పడే పాట్లకు సంబంధించినవి. ఒంటరిగా బల్ల ముందు కూర్చుని ఆకు అంచును సరిచేసుకుంటున్నప్పుడు ఎవరి ఎదుట నటిస్తున్నట్టు? ఆటిజం లేని చిత్రకారుడు తనకంటే ముందువారి బొమ్మలు చూసి నేర్చుకుంటే దాన్ని సాధన అంటారు. అదే పని మీరు చేస్తే ముసుగు ఎందుకవుతుంది? ఈ రెండు కొలతలను మన మీద మనమే రుద్దుకోవడం అన్యాయం.

వంపుగీత | కథలు రాస్తాను

పాతకాగితం గారూ, మీరు ఊరట కలిగించాలనే అన్నారని తెలుసు. కానీ నా అనుభవం అలా లేదు, ముసుగుకూ శైలికీ మధ్య హద్దు అంత స్పష్టంగా ఉండదు.

నా కథల్లో సంభాషణలు సహజంగా ఉంటాయని పేరు. అవి సహజంగా ఉండడానికి కారణం, నేను మనుషులు మాట్లాడుకునే తీరును పాఠంలా వల్లెవేసినదాన్ని కావడమే. ఎవరు ఎక్కడ ఆగుతారు, ఎక్కడ నవ్వుతారు, మాట మార్చాలంటే ఏమంటారు, అన్నీ నోటు పుస్తకాల్లో రాసుకునేదాన్ని. బతకడానికి నేర్చుకున్నదే కథలోకి వచ్చింది. బల్ల ముందు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పాఠకుడు అనే ఒక మనిషి ఎదురుగా కూర్చునే ఉంటాడు, అతనికి అనుమానం రాకుండా రాయాలి.

నిర్ధారణ తరువాత నాలాగే మాట్లాడే ఒక పాత్రను రాశాను. అడిగినదానికి సూటిగా జవాబిస్తుంది, కుశల ప్రశ్నలు వేయదు, తనకు ఇష్టమైన నత్తగుల్లల గురించి రెండు పేజీలు చెబుతుంది. ఒక సంపాదకుడు చదివి, ఇది యాంత్రికంగా ఉంది, మనుషులు ఇలా మాట్లాడరు అన్నారు. నేను ఇలాగే మాట్లాడతాను. నేను మనిషినే.

ఆ రోజుల్లో నాకు ఆసరా ఇచ్చింది డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడి ఆలోచన. ఆయనా ఆటిస్టిక్ వ్యక్తే. ఇరు పక్షాలకూ ఒకరి సంగతి ఒకరికి అందకపోవడమే అసలు సమస్య, అది ఒక్క మన లోపం కాదు అని 2012లో వాదించారు. 2020లో క్యాథరీన్ క్రాంప్టన్ బృందం దీన్ని మరో వైపు నుంచి పరీక్షించింది. ఒక కథను ఒకరి నుంచి ఒకరికి వరుసగా చెప్పించారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరుసలోనూ, ఎవరూ కాని వరుసలోనూ కథ దాదాపు ఒకేలా నిలిచింది. రెండు రకాలవారినీ కలిపిన వరుసలో మాత్రం వివరాలు ఎక్కువగా జారిపోయాయి. అంటే నా పాత్ర మాట్లాడేది అందుకునేవాళ్లు ఉన్నారు. ఆ కథను నేను మార్చలేదు.

కనుక నీలిసిరా గారూ, మీ గుండ్రటి ముఖాలు ముసుగులోంచి వచ్చి ఉండవచ్చు. అయినా అవి మీవే. ముసుగు కూడా మీరు మీ చేతులతో చేసుకున్నదే కదా. దాన్ని వాడాలో వద్దో ఇకమీద మీరు నిర్ణయించుకోవచ్చు, ఇంతకుముందు మీకు ఆ వీలు లేదు.

నీలిసిరా | పుస్తక చిత్రకారిణి

వంపుగీత గారూ, మీరు రాసింది చాలాసార్లు చదివాను. పాతకాగితం గారి మాట వింటే ధైర్యం వచ్చింది, మీ మాట వింటే ఊపిరి అందింది. నా పుస్తకాలు మళ్లీ తీసి చూశాను. ముఖాల కింద, నేల మీద, ఎవరూ పట్టించుకోని చోట గులకరాళ్లు ఉన్నాయి. ఒక్కో రాయికీ వేరే చార, వేరే నీడ. అవి గీయమని ఎవరూ అడగలేదు, వాటిని ఎవరూ మెచ్చుకోలేదు కూడా. వాటి దగ్గర నాకు అనుమానం రావడం లేదు. ఇవాళ రంగు కలిపాను. బూడిదలో కొద్దిగా నీలం.

తెరవెనుక | నాటకాలకు లైటింగ్

గులకరాళ్ల మాట చదివి నాకు చాలా సంతోషం కలిగింది. పని జరిగే తీరు గురించి నాకు తెలిసింది చెబుతాను.

డైనా మర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ 2005లో మోనోట్రోపిజం అనే సిద్ధాంతాన్ని వివరంగా రాశారు. ఆటిస్టిక్ మనసు ఒక సమయంలో కొద్ది విషయాల మీదే చాలా లోతుగా దృష్టి పెడుతుందని, ఆ దృష్టిని అక్కడి నుంచి లాగి మరోచోట పెట్టడమే కష్టమని దాని సారం. నాకు సంబంధించినంతవరకు ఇంతకంటే ఉపయోగపడిన ఆలోచన మరొకటి లేదు. సోమరితనం అని నన్ను నేను తిట్టుకున్నదంతా నిజానికి దృష్టి మారే చోట పడిన తిప్పలే. పనిలో ఉంటే బయటికి రాలేను, బయట ఉంటే పనిలోకి పోలేను.

అందుకని నా రోజును ఆ మలుపులు తగ్గేలా కట్టుకున్నాను. సమావేశాలు, ఉత్తరాలు, డబ్బు లెక్కలు అన్నీ వారంలో ఒకే రోజుకు నెట్టేస్తాను, ఆ రోజు సృజన మాటే ఎత్తను. పని ఆపేటప్పుడు, మర్నాడు చేతితో చేయాల్సిన మొదటి పనిని ఒక్క వాక్యంలో రాసిపెడతాను. ‘ఎడమవైపు మూడో దీపాన్ని కాస్త కిందికి వంచు’ అన్నట్టు ఉండాలి. ‘రెండో అంకం పూర్తిచెయ్యి’ అని రాసుకుంటే మర్నాడు దాన్ని చూస్తూ పూట గడిచిపోతుంది. పనిని అసలు పూర్తిచేసి ఆపను, మధ్యలో, తరువాతి అడుగు తెలిసిన చోట ఆపుతాను.

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. ఆకలి, దాహం, చలి వంటి లోపలి సూచనలు మనలో చాలామందికి ఆలస్యంగా అందుతాయి. ఫోనులో అలారం పెట్టుకుంటే దాన్ని ఆపేసి పని కొనసాగిస్తాను, ఆపిన సంగతి కూడా గుర్తుండదు. గదిలో దీపం దానంతట అదే రంగు మారేలా పెట్టుకున్నాక లేస్తున్నాను.

దీపాల మాట వచ్చింది కనుక ఒక్క విషయం. చాలా ఎల్‌ఈడీ దీపాల వెలుతురును తగ్గించేందుకు వాటిని కంటికి తెలియనంత వేగంగా ఆర్పి వెలిగిస్తుంటారు. ఆ మినుకును కొందరి శరీరాలు పసిగడతాయి, తలనొప్పి వస్తుంది, కళ్లు లాగుతాయి, కారణం అంతుపట్టదు. ఫోను కెమెరాను దీపం దగ్గరగా పట్టి చూడండి, తెర మీద నల్లటి పట్టీలు కదిలితే ఆ దీపం మినుకుతున్నట్టే. నీలిసిరా గారూ, మీ బల్ల మీది దీపాన్ని ఒకసారి ఇలా చూడగలరా?

కొత్తచిగురు | కొత్త సభ్యుడు

నాకింకా నిర్ధారణ కాలేదు, అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూస్తున్నాను. బొమ్మలతో కథలు చెబుతాను. ఆన్‌లైన్‌లో ఒక ప్రశ్నావళి నింపితే ఎక్కువ మార్కులు వచ్చాయి. దాన్ని నమ్మవచ్చా? ఇన్నేళ్లూ ఎవరికీ తెలియకుండా ఎలా ఉంటుంది, ఇదంతా నా ఊహేనా అని భయంగా ఉంది.

పాతకాగితం | అనువాదం, సంపాదకత్వం

కొత్తచిగురు గారూ, మీరు నింపింది ఏక్యూ అనే ఆటిజం ప్రశ్నావళి అయి ఉంటుంది. 2001లో వచ్చింది, 50 ప్రశ్నలు. నిపుణుల దగ్గరికి వెళ్లాలా అన్నది తేల్చుకోవడానికి అది పనికి వస్తుంది, నిర్ధారణ మాత్రం దానితో జరగదు. అపాయింట్‌మెంటుకు వెళ్లేలోగా మీ చిన్నతనం తెలిసిన వారితో మాట్లాడి గుర్తున్నవన్నీ రాసిపెట్టుకోండి, బాల్యం గురించి తప్పకుండా అడుగుతారు. అక్కడ మాట తడబడితే ఆ కాగితాలే ఇవ్వండి. నేను అలాగే చేశాను.

ఇన్నేళ్లూ ఎందుకు తెలియలేదన్నదానికి చాలా కారణం వైద్య పుస్తకాల్లోనే ఉంది. ఆటిజాన్ని వర్ణించి పేరు పొందిన వైద్యుడు లియో కానర్ 1943లో రాసింది చిన్నపిల్లల గురించి. అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం పుస్తకంలో ఆటిజం 1980లో విడిగా చేరినప్పుడు కూడా శైశవ ఆటిజం అనే పేరుతోనే చేరింది. బాగా మాట్లాడే పిల్లలు 1994 తరువాతగానీ ఆ పుస్తకంలో సరిగా కనిపించలేదు, అదీ ఆస్పర్గర్ అనే వేరే శీర్షిక కింద. 2013లో వచ్చిన ఐదో కూర్పు అన్నింటినీ ఒకటి చేసింది. శబ్దం, వెలుతురు, స్పర్శ పట్ల మన తీరును లక్షణాల్లో చేర్చింది. లక్షణాలు చిన్నప్పటి నుంచి ఉన్నా, పరిస్థితులు శక్తికి మించేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చని, నేర్చుకున్న ఎత్తుగడల వెనుక దాగిపోవచ్చని కూడా రాసింది. ఆటిజం ఉంటే దానితోపాటు ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, అతి చురుకుదనం) కూడా ఉందని రాయడానికి అంతకుముందు కూర్పు ఒప్పుకునేదే కాదు. మీ బాల్యం ఎప్పటిదో లెక్క చూసుకోండి, మిమ్మల్ని చూడగలిగే కళ్లు అప్పటికి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది.

ఇంకొకటి. కానర్ కంటే చాలా ముందే, 1925లో, మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే మానసిక వైద్యురాలు ఆరుగురు బాలుర గురించి రాశారు. వాళ్లలో కొందరికి సంగీతంలో ఉన్న ప్రతిభను కూడా ఆమె నమోదు చేశారు. అది దశాబ్దాల పాటు మరుగున పడిపోయింది.

ఇసుకగడియారం | గ్రాఫిక్ డిజైన్

ప్రతిభ మాట వచ్చింది కనుక నా బాధ చెప్పుకుంటాను. ఆటిజం అని చెప్పగానే, అందుకేనా మీకు ఇంత సృజన అంటారు. ఇంకొందరు ఆటిస్టిక్ చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ పేరు ఎత్తుతారు. హెలికాప్టర్‌లోంచి ఒకసారి చూసి నగరాన్నంతా జ్ఞాపకంతో గీయగల ఆయన నైపుణ్యానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ అది ఆయనది. మనలో అలాంటివారు కొద్దిమందే. నా పని బాగుంటే ఆటిజం గొప్పదనం, బాగులేకపోతే ఆటిజం లోపం అయితే, మరి నేను చేసిన కృషి ఎక్కడికి పోయింది?

పైగా నాకు మనసులో బొమ్మలు కనిపించవు. కళ్లు మూసుకుంటే చీకటే. ఆటిస్టిక్ శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ తన ఆలోచనలన్నీ చిత్రాలుగా సాగుతాయని చెప్పడం విన్నాక, ఆటిస్టిక్ అంటే అలాగే ఉండాలేమో, మరి నేనెవరిని అని చాలా కలవరపడ్డాను. తరువాత, ఇలా మనసులో బొమ్మలు కనిపించకపోవడాన్ని అఫాంటేజియా అంటారని తెలిసింది. 2015లో ఆడమ్ జీమన్ బృందం దానికి ఆ పేరు పెట్టింది. మనలోనూ ఇలాంటివారు ఉన్నారు. నేను చూసి గీయను, గీసి చూస్తాను. తెర మీద వందల అక్షరాలను కదుపుతూ పోతాను, ఏదో ఒకచోట అమరిక కుదురుతుంది, అప్పుడు తెలుస్తుంది ఇదే కావాల్సిందని. కాబట్టి ఆటిస్టిక్ సృజన ఫలానా విధంగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి, అది మనవాళ్లు చెప్పినా సరే.

తోడునీడ | ఒక కవి జీవిత భాగస్వామిని

ఇక్కడ చదువుతూ ఉంటాను, ఎప్పుడూ రాయను. ఇంట్లోవాళ్ల కోసం ఒక్క మాట. ఆయన రాసుకుంటున్నప్పుడు తలుపు తట్టి చిన్న విషయమే కదా అని అడిగేదాన్ని, అది ఆయనకు ఆ పూటంతా పోయేంత దెబ్బ అని తెలియదు. ఇప్పుడు చీటీ రాసి తలుపు కిందినుంచి తోస్తాను. అత్యవసరమైతే ఎర్ర చీటీ. మా ఇద్దరికీ కోపాలు చాలా తగ్గాయి.

నీలిసిరా | పుస్తక చిత్రకారిణి

తెరవెనుక గారూ, నా దీపం కింద పట్టీలు కనిపించాయి. దీపం మార్చాను. తోడునీడ గారూ, మీ చీటీల పద్ధతి మా ఇంట్లో అందరికీ నచ్చింది.

గులకరాళ్లు గీస్తున్నాను. ముఖాలు ఇంకా రావడం లేదు, తొందర పెట్టుకోవడం లేదు. కానీ ప్రచురణకర్తకు రాయక తప్పదు. ఈ ముసాయిదా చూడండి.

‘నమస్కారం. నాకు ఈ మధ్య ఆటిజం ఉందని నిర్ధారణ అయింది. అందువల్ల మిగిలిన బొమ్మలు ఆలస్యమవుతాయి. ఫోనులో మాట్లాడటం నాకు కష్టం కనుక ఏదైనా ఉంటే రాసి పంపండి. మీకు కలిగించిన ఇబ్బందికి క్షమించండి. మీరు వేరే చిత్రకారులను చూసుకోదలిస్తే అర్థం చేసుకోగలను.’

పాతకాగితం | అనువాదం, సంపాదకత్వం

సంపాదకుడి స్థానంలో కూర్చుని చెబుతున్నాను. ఈ ఉత్తరం అందితే నాకు కంగారు పుడుతుంది. ఎంత పని అయింది, ఎంత మిగిలింది, ఎప్పటికి వస్తుంది, ఇవేవీ ఇందులో లేవు. నిర్ధారణ సంగతి చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేం, కనుక అవసరాలు చెప్పి ఊరుకుంటే ఇప్పటికి సరిపోతుంది. ఉద్యోగంలో ఉన్నవారి విషయం వేరు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక పని చోట సముచితమైన సర్దుబాట్లు చేయాలంటుంది. వాటిని అడగాలంటే నిర్ధారణ పత్రం చూపించాల్సి రావచ్చు. మనలా విడిగా పనిచేసేవారికి మాత్రం ఒప్పందంలో రాసుకున్నదే ఆధారం.

మొదట పూర్తయిన బొమ్మలు ఏవో చెప్పండి. తరువాత కొత్త తేదీ, మీకు నిజంగా వీలయ్యే తేదీ. ఆ తరువాతే రాతపూర్వక సూచనల మాట.

ఇసుకగడియారం | గ్రాఫిక్ డిజైన్

సూచనలు ఎలా ఉండాలో కూడా రాయండి. ‘ఇంకాస్త ఉల్లాసంగా ఉండాలి’ అని వస్తే నేను ఒక వారం కొట్టుమిట్టాడతాను. ఏ పాత్ర ఏ వైపు చూడాలి, ఏ రంగు మారాలి అని అడగండి. అన్నీ ఒకే ఉత్తరంలో కలిపి పంపమనండి, విడివిడిగా వస్తే ప్రతిసారీ పనిలోంచి బయటికి రావాలి.

వంపుగీత | కథలు రాస్తాను

చివరి రెండు వాక్యాలు తీసేయండి. మీరు ఎవరికీ అపకారం చేయలేదు. వేరేవాళ్లను చూసుకోమని మీరెందుకు గుర్తుచేయాలి?

నీలిసిరా | పుస్తక చిత్రకారిణి

ఇలా మార్చాను.

‘నమస్కారం. మొదటి రెండు అధ్యాయాల బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి, ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. ఆరోగ్య కారణాల వల్ల మిగిలినవి మునుపటికంటే నెమ్మదిగా చేయాలి. కొత్త తేదీ కింద రాశాను, అది మీకు కుదురుతుందో లేదో తెలియజేయండి. ఇకపై సూచనలన్నీ ఒకే ఉత్తరంలో, రాతలో ఇస్తే నాకు పని సులభమవుతుంది. ఏ బొమ్మలో ఏది మారాలో పేజీ సంఖ్యతో చెప్పండి. మూడో అధ్యాయంలో ముఖాలకంటే నేల, రాళ్లు, నీళ్లు ఎక్కువగా కనిపించేలా వేయాలని ఉంది. నమూనా ఒకటి జతచేశాను.’

పాతకాగితం | అనువాదం, సంపాదకత్వం

పంపండి. ఆ ఆఖరి రెండు వాక్యాలను మాత్రం ఎవరు చెప్పినా తీయకండి.

నీలిసిరా | పుస్తక చిత్రకారిణి

పంపాను. కొత్త తేదీకి ఒప్పుకున్నారు. నమూనా గురించి ఒకే ప్రశ్న వేశారు, అందులో నీటి లోతు ఎంత చూపించాలని. దానికి నా దగ్గర జవాబు ఉంది.

వంపుగీత గారూ, నత్తగుల్లల కథ అచ్చయిందా? కాకపోయినా ఫరవాలేదు, చదవాలని ఉంది. దానికి బొమ్మలు వేయనిస్తారా?

వంపుగీత | కథలు రాస్తాను

అచ్చు కాలేదు. ప్రతి ఇప్పుడే పంపుతున్నాను. రెండు పేజీల నత్తగుల్లలు ఇప్పుడు మూడున్నర పేజీలయ్యాయి. బొమ్మలు ఎప్పటికి కావాలో నేను చెప్పను, మీరే తేదీ రాయండి.